మూడు గంటల ఇరవై నిమిషాలు

ఠంగుమని మోగితే టైరులో గాలి సరిగ్గా ఉన్నట్టు. తడిగోడను కొట్టినట్టు మొద్దుగా పలికితే తగ్గినట్టు. పోతయ్య ఇనుప రాడ్డుతో ఐదు టైర్లనూ కొట్టి, ఆరోదాని దగ్గర ఒంగి చెవి ఆనించాడు. ఠంగుమంది. అయినా మళ్ళీ ఒకసారి కొట్టాడు. ఆ చప్పుడు ఇవాళ ఎందుకో గుడిగంటంత ముచ్చటగా ఉంది.

సోనేపూర్ దాటి, బాహుదా నది సముద్రంలో కలిసే చోటికి కూతవేటు దూరంలో రొయ్యల చెరువు. రాత్రి కురిసిన వానకు గట్టంతా జారుడుగా ఉంది. కూలీలు నెత్తి మీద క్రేట్లు పెట్టుకుని, కాలి బొటనవేళ్ళు బురదలో గుచ్చుతూ వస్తున్నారు. ఒక వరస ఐసు, ఒక వరస రొయ్య, మళ్ళీ ఐసు. గట్టు మీదే కాటా అయిపోయింది, రైతుకు సొమ్ము ముట్టిపోయింది. ఇక ఈ సరుకు భువనేశ్వర్ దగ్గర రొయ్యల కంపెనీది. ఈ ఐసు మధ్య రేపు పొద్దున దాకా చెక్కుచెదరదు. మధ్యాహ్నం పన్నెండు కొట్టే లోపల కంపెనీ గేటు దాటించాల్సిన పూచీ మాత్రం లారీల యజమాని ధనరాజుది. అంటే, పోతయ్యది.

యాభై ఆరేళ్ళ పోతయ్య పొట్టిమనిషి, మెడ లావు. ఇరవై తొమ్మిదేళ్ళుగా కిటికీ వైపు ఎండ తిని కుడిచెయ్యి ఎడమచేతికంటే రెండు మూడు ఛాయలు నలుపెక్కింది. ఎడమ అరచేయి గేరు పట్టీ పట్టీ తాబేలు వీపులా గట్టిపడింది. కూర్చున్నా నిలబడ్డా కుడిపాదం ముందుకు ఒంగే ఉంటుంది, ఏదో కనపడని యాక్సిలేటరు ఉన్నట్టు. అతని తండ్రి ఇదే ఒడ్డున తెప్ప వేసేవాడు. తెప్ప చివికిపోయాక దుంగల్లో గట్టిగా మిగిలిన ముక్కను పోతయ్య కోయించుకుని, బండి ఆపినప్పుడు చక్రం కింద పెట్టే చెక్క చేసుకున్నాడు. బళ్ళు ఏడు మారాయి, యజమానులు నలుగురు మారారు. చెక్క ఒకటే.

ఫోను మోగింది. ధనరాజు.

"పోతయ్యా, లోడైందా? ఇవాళ నిన్నే ఎందుకు ఎక్కించానో తెలుసు కదా? ఈ సీజన్లో రెండుసార్లు లేటయ్యింది. మూడోసారి అయితే కాంట్రాక్టు పీకేస్తామని కంపెనీవాళ్ళు కాగితం పంపారు. పన్నెండు దాటకూడదు."

"అలగే బాబూ. అంతా రూలు పెకారం సేస్తాను."

"రూలేంటయ్యా? యాక్సిలేటర్ మీద కాలెయ్యి. నీ టైమెంత?"

"మూడు గంటల ఇరై నిమిషాలు."

"అద్దీ!" అని ఫోను పెట్టేశాడు.

పోతయ్య ఫోను జేబులో వేసుకుని నవ్వుకున్నాడు. జేబులో ఫోను పక్కనే నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం ఉంది.

ఐసు బండి తెచ్చిన పింటు పక్కనే టైరు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. వాడూ ధనరాజు దగ్గరే డ్రైవరు. ఇరవై ఏడేళ్ళుంటాయి. "ఏటి మావా, ఎనిమిదిన్నరైపోతంది. ఇంకా టైర్లు కొట్టుకుంటన్నావు? పెళ్ళికొడుకుని సేస్తన్నావేటి బండిని?"

"ఒకటో రూలురా. బయల్దేరే ముందు టైర్లు, బ్రేకులు, లైట్లు సూసుకోవాల."

"ఎవడెట్టినాడు ఆ రూలు?"

"మన బాబే ఎట్టినాడు. నువ్వూ సంతకం ఎట్టినావు."

పింటు నోట్లో నురగతోనే పకపకా నవ్వాడు.

ఆ కాగితాన్ని ప్రతి జనవరిలోనూ డ్రైవర్లందరి ముందూ పెట్టేవాడు ధనరాజు. పై భాగం ఒడియా, కింద స్టాంపు, దాని కింద సంతకం. ఎవరూ చదవలేదు. చదివి ఏం చెయ్యాలి? సంతకం పెడితే బండి తాళం ఇస్తాడు, లేకపోతే బయట ఇంకొకడు నిలబడి ఉన్నాడు. కిందటి ఏడాది నుంచి ఆ బయట నిలబడేవాళ్ళు మరీ ఎక్కువయ్యారు. కొత్త ట్రాన్స్‌పోర్టులు పుట్టగొడుగుల్లా లేచాయి. ఒకడు కిరాయి వంద తగ్గిస్తే ఇంకొకడు రెండొందలు తగ్గించాడు. ధనరాజు కిరాయి తగ్గించి, దాంతోపాటు టైము కూడా తగ్గిస్తానన్నాడు. "మిగతావాళ్ళు నాలుగున్నర గంటలు. మా బండి మూడున్నర." కంపెనీవాళ్ళు ఎగిరి గంతేశారు. తగ్గిన కిరాయి డ్రైవర్ల బత్తాలోంచి పోయింది, తగ్గిన టైము వాళ్ళ నిద్రలోంచి పోయింది.

ఆ మూడున్నర గంటల మాట ధనరాజుకు ఎక్కడిది? పోతయ్యదే. పోతయ్య తన కుడిపాదం సత్తా చూపించుకోవడానికి ఒకరోజు మూడు గంటల ఇరవై నిమిషాల్లో గేటు ముందు బండి ఆపి, మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ సాయంత్రమే బరంపురం యార్డులో గోడకు నల్లబోర్డు వెలిసింది. పై వరుసలో పోతయ్య, 3-20. కింద మిగతావాళ్ళు. పైన ఉన్నవాడికి ముందు లోడు. అట్టడుగున ఉన్నవాడికి ఆ వారం బండి లేదు. ఎనిమిది నెలలు పోతయ్య ఆ బోర్డు ముందు నుంచి వెళ్ళేటప్పుడల్లా ఒకసారి తలెత్తి చూసుకునేవాడు. పెళ్ళిఫొటో చూసుకున్నట్టు.

బోర్డులో రెండో పేరు పైడయ్య. పోతయ్య చెల్లెలు అమ్మడు మొగుడు.

బండి స్టార్టు చేశాడు. సోనేపూర్ నుంచి హైవే దాకా పల్లెదారి. రెండో రూలు, పల్లెదారిలో ముప్పై దాటకూడదు. స్పీడోమీటరు ముల్లును ముప్పై దగ్గర కుదురుగా కూర్చోబెట్టాడు. ముల్లు పాపం, అంత కిందుగా కూర్చోవడం దానికీ కొత్తే.

ఎన్ని వందలసార్లు ఈ దారిలో వెళ్ళాడో, కానీ ఇవాళ్టి దాకా ఈ దారి ఎలా ఉంటుందో తెలియదు. రోడ్డు పక్కన ఒక ఇంటికి పసుపచ్చ తలుపు ఉంది. వలలు ఆరబెట్టిన వెదురుకర్రల మీద వరసగా కాకులు కూర్చున్నాయి. ఒక ముసలమ్మ గుమ్మంలో కూర్చుని మనవరాలికి జడ వేస్తోంది. బండి వస్తుంటే పిల్ల తల తిప్పింది. ముసలమ్మ నెత్తి మీద ఒక్కటి మొట్టింది. పోతయ్య పక్కున నవ్వాడు. రోజూ అరవై మీద వెళ్తే వాళ్ళిద్దరూ ఒక రంగుమరక, అంతే.

వెనక హారన్. ఖాళీ ఐసు బండిలో పింటు. పక్కకు వచ్చి, కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "మావా! గేదె మీద ఎల్తన్నావేటి? పాలు కూడా పితికీ!"

"ఎల్లరా, ఎల్లు! ముందు టీ కొట్లో నా పేరు మీద ఓ బిస్కెట్టు తిను!"

పింటు దుమ్ము లేపుకుంటూ పోయాడు. ఫోను మోగింది. జేబులో గింజుకుని ఆగిపోయింది. మళ్ళీ మోగింది. ధనరాజు దగ్గర జి.పి.ఎస్. పెట్టె ఉంటుంది, బండి ఎక్కడుందో ఎంత వేగంలో ఉందో అందులో చుక్కలా కనిపిస్తుంది. ఆ చుక్క నత్తలా పాకడం చూసి ఉంటాడు. పోతయ్య ఫోను ముట్టుకోలేదు. ఐదో రూలు, నడిపేటప్పుడు ఫోను ఎత్తకూడదు.

ఎంత బాగుంది! జేబులో యజమాని గింజుకుంటుంటే, కిటికీలోంచి వానగాలి మొహాన కొడుతుంటే, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, కోడిపిల్లల తల్లి దాటేదాకా ఆగడం. పగకు ఇంత కమ్మదనం ఉంటుందని పోతయ్యకు తెలియదు. ఇన్నాళ్ళూ అది కారం అనుకున్నాడు.

రూళ్ళు నేర్పింది కోడలు సస్మిత. పొలసర ఊరి ఒడియా పిల్ల, బి.ఏ. చదివింది. పట్టుచీరల కొట్లో పనిచేసే కొడుకు అనుదీప్‌ను ప్రేమించి మూడు నెలల కిందట ఆ ఇంటికి వచ్చింది. తెలుగులో మొదట నేర్చుకున్న మాట "ఏటి". ఆ మాటను ఎక్కడబడితే అక్కడ వాడి ఇంటిల్లిపాదినీ నవ్వించేది. ఒక ఆదివారం పెట్టె సర్దుతూ ఈ కాగితం పట్టుకొచ్చింది.

"మావయ్యా, ఇది ఏటి? ఎవరైనా సదివినారా?"

"సదవడానికి టైమెక్కడిదమ్మా?"

ఆమె గుమ్మంలో చతికిలబడి ఒడియాలో ఒక్కొక్కటే చదివి, వచ్చీరాని తెలుగులో చెప్పింది. తొమ్మిది రూళ్ళు. హైవే మీద యాభై. రెండు గంటలు నడిపితే అరగంట ఇంజను ఆపి విశ్రాంతి. మూడో రూలు వినగానే పోతయ్య గోడకు ఆనుకున్నాడు. నాలుగో రూలు వినగానే కళ్ళు మూసుకున్నాడు. అవే రెండు. పోలీస్ స్టేషన్లో ధనరాజు చదివి వినిపించినవి.

మార్గశిరంలో, ఖల్లికోట్ మలుపు దగ్గర, పైడయ్య బండి ఆగి ఉన్న సిమెంటు లారీని గుద్దింది. అది రెండో ట్రిప్పు. ముందురోజు ట్రిప్పు దిగి, ఇంటికి కూడా రాకుండా మళ్ళీ ఎక్కాడు. ఎక్కే ముందు యార్డులో బోర్డు ముందు నిలబడి అన్నాడు, "బావా, ఈసారి నీ పేరు కిందకి దించీకపోతే నా పేరు పైడయ్య కాదు." పోతయ్య అన్నాడు, "దించు సూద్దాం. కూర్చుని పొగాకు నవుల్తాను, అంత టైముంది నాకు." బావమరుదుల వేళాకోళం. అదే ఆఖరు మాట.

స్టేషన్లో అమ్మడు ముసుగు కప్పుకుని మూలన నిలబడి ఉంటే ధనరాజు ఇదే కాగితం విప్పాడు. "వేగం డెబ్బై ఎనిమిది. విశ్రాంతి లేదు. మూడో నిబంధన, నాలుగో నిబంధన రెండూ తప్పాడు. ఇదిగో ఇతని సంతకం. మాకేం బాధ్యత లేదు." పైడయ్య సంతకం మీద ఉంగరం వేలు పెట్టి రెండుసార్లు తట్టాడు. టకటకా. అమ్మడు ఆ వేలునే చూస్తూ ఉండిపోయింది. పోతయ్య నోరు విప్పలేదు. తన పేరు ఇంకా బోర్డు మీద పైనే ఉంది మరి. డెబ్బై ఎనిమిది అయితే తప్ప మూడు గంటల ఇరవై కాదని ఆ గదిలో అందరికంటే బాగా తెలిసినవాడు అతనే. అది తెలిసి తలవంచుకున్నాడు. అమ్మడు ఇప్పుడు బరంపురం బజారులో ఎండుచేపల గంప ముందు కూర్చుంటుంది. అన్న కనిపిస్తే పలకరిస్తుంది. ఆ పలకరింపే ముల్లు.

"అడుగున ఇంకో లైన్ ఉంది మావయ్యా," అంది సస్మిత ఆ ఆదివారం. "సిన్న అచ్చరాలు. ఈ తొమ్మిదీ పాటించిన డ్రైవరుకు డ్యూటీలో ఏ హాని జరిగినా, పూర్తి బాధ్యత యజమానిది."

"ఆడెందుకు రాసినాడమ్మా అలగ?"

"కంపెనీవాళ్ళు అడిగుంటారు. తొమ్మిదీ పాటిస్తే బండి టైముకు ఎల్లదు కదా. ఎవరూ పాటించరని రాసేసినాడు."

పోతయ్య చాలాసేపు ఆ చిన్న అక్షరాల వైపు చూశాడు. చీమల బారులా ఉన్నాయి. "మళ్ళీ సదువమ్మా," అన్నాడు. "మొదటినుంచి." మూడు ఆదివారాలు ఎక్కాలు వల్లించినట్టు వల్లించాడు. సస్మిత బెత్తంలా గరిటె పట్టుకుని, "ఆరు?" అనేది. "బయటోళ్ళని ఎక్కించుకోకూడదు." "ఎనిమిది?" "ఆపితే నాలుగు లైట్లూ ఎలిగించి సక్రం కింద సెక్క ఎట్టాల." "హవు! పాస్!" అని ఒడియాలో మెచ్చుకుని చప్పట్లు కొట్టేది. ఎందుకు నేర్చుకుంటున్నాడో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

మొదట వేరే ఆలోచనలు వచ్చాయి. ఇంజనులో ఇసుక పోద్దామనుకున్నాడు. యార్డులో నల్లబోర్డును గొడ్డలితో నరుకుదామనుకున్నాడు. ఒకరోజు ధనరాజు ఒంటరిగా కనిపిస్తే చేతిలో ఉన్న ఇనుప రాడ్డు దానంతట అదే బరువెక్కింది. ఇవేవీ పనికిరావు. వాడు పైడయ్యను కాగితంతో కొట్టాడు. కాగితంతోనే కొట్టాలి. అదీ వాడి కాగితంతోనే, వాడు ఏడుస్తూ కూడా తప్పు పట్టలేనట్టుగా.

హైవే ఎక్కాడు. యాభైకి రెండు తక్కువగా ముల్లు నిలబెట్టాడు. బరంపురం బైపాస్ మీద సైకిలు తప్ప ప్రతిదీ అతన్ని దాటిపోయింది. చత్రపురం దగ్గర ఒక బస్సు డ్రైవరు వెనక్కి తిరిగి మరీ తిట్టాడు. పోతయ్య నమస్కారం పెట్టాడు. ఎడమ భుజం లాగుతోంది, పొద్దున్నుంచీ ఉంది. గేరుదే అనుకున్నాడు. నిన్నటి పకోడీ అనుకుని ఒక గ్యాసు మాత్ర చప్పరించాడు.

సరిగ్గా రెండు గంటలు అయ్యేసరికి గంజాం ఊరి దగ్గర, రుషికుల్య వంతెనకు ఇవతల బండి పక్కకు దించి ఇంజను ఆపాడు. నాలుగు లైట్లు. చెక్క. టైర్లకు ఠంగు ఠంగు. తరవాత టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు.

కూర్చుని టీ తాగడం! ఇరవై తొమ్మిదేళ్ళు కిటికీలోంచి గ్లాసు అందుకుని, నాలుక కాల్చుకుంటూ గేరు వేసినవాడు. టీ మీద మీగడ కట్టేదాకా ఆగి, ఆ మీగడను వేలితో తీసి నాకాడు. ఎదురుగా నది నిండుగా, వాననీళ్ళ రంగులో పోతోంది. బఠాణీల ఘుగ్ని, వడ తెచ్చిపెట్టాడు కొట్టువాడు. పక్క బల్ల మీద మొగలిపూలు కోసుకొచ్చిన ఒక ఆడమనిషి అత్తరు బట్టీకి వెళ్ళే ఆటో కోసం కూర్చుంది. ముళ్ళాకుల మధ్య తెల్లటి పొత్తులు. ఆ వాసనకు టీ కూడా మొగలి టీ అయిపోయింది.

"అమ్మా, ఒకటి ఇస్తావేటి? కోడలికి."

"కొత్త కోడలా?" అందామె ఒడియాలో, అన్నిటిలోకీ పెద్దది ఏరి ఇస్తూ. డబ్బు తీసుకోలేదు.

ఫోను మోగింది. ఇప్పుడు ఎత్తవచ్చు. ఎత్తాడు.

"పోతయ్యా! చచ్చావా బతికావా? పద్నాలుగుసార్లు చేశాను! గంజాంలో ఎందుకు ఆగింది బండి? పంచరా?"

"నేదు బాబూ. టైర్లు ఠంగుమంటన్నాయి."

"మరి?"

"నాలుగో రూలు. రెండు గంటలు నడిపితే అరగంట ఆపాల. ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది."

అవతల ఏదో కాగితం తిరగేసిన చప్పుడు.

"ఎవరు చెప్పారయ్యా నీకు?"

"తమరే. ప్రెతీ జనవరికీ సెప్తన్నారు. మాకే ఇనపడనేదు."

"చూడు, నీకేం కావాలి? బత్తా పెంచమంటే పెంచుతాను. రాత్రి కూర్చుని మాట్లాడుకుందాం. నువ్వు ముందు బండి తియ్యి."

"తీస్తాను బాబూ. పద్దెనిమిది నిమిషాలు."

"నీ అంత మనిషి ఇలా చేస్తే... ఆ కాంట్రాక్టు పోతే నీకూ కూడుండదు, తెలుస్తోందా?"

"రొయ్య సెరువులోంచి నడిసి ఎల్లదు కదా బాబూ. తమరు కాపోతే ఇంకోలు మోస్తారు. మోసేటోలికి డ్రైవరు కావాల." టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "బాబూ, ఒక్క మాట. పైడయ్య నాలుగో రూలు తప్పినాడన్నారు. నాను తప్పనేదని రాసుకోండి."

ఫోను అతనే పెట్టేశాడు. అలా యజమాని ఫోను తాను ముందు పెట్టేయడం కూడా జీవితంలో అదే మొదలు. గుండె దడదడలాడింది, దొంగతనంగా జామకాయ కోసిన పిల్లాడిలా. చెమట పట్టింది. తువ్వాలుతో తుడుచుకుని, ఇంకొక టీ చెప్పాడు.

మళ్ళీ బయల్దేరినప్పుడు మొగలిపువ్వు డాష్‌బోర్డు మీద ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ క్యాబిన్లో చేపవాసన ఓడిపోయింది. హుమ్మా దగ్గర ఉప్పుమళ్ళు వానకు నిండి ఆకాశంలా మెరుస్తున్నాయి. ఖల్లికోట్ మలుపు వచ్చింది. రోడ్డు పక్క గార్డు రాయి ఇంకా విరిగే ఉంది. దాని మీద ఎరుపు రంగు సగం, పైడయ్య బండి నీలం రంగు సగం. ముల్లు ఇరవైకి దించాడు. ఏ రూల్లోనూ లేదు అది. ఒకసారి హారన్ కొట్టాడు, పొట్టిగా, యార్డులో ఒకరినొకరు పిలుచుకునే తీరులో.

"బావా," అన్నాడు పైకే. "నా పేరు నానే దించీస్తన్నాను."

మలుపు దాటాక భుజం నొప్పి మోచేతిలోకి దిగింది. అక్కడినుంచి దవడలోకి. స్టీరింగు చల్లగా తగిలింది. చెమట కళ్ళలోకి కారుతోంది. పాత పోతయ్య అయితే పళ్ళు బిగించి, కిటికీ దించి, గేరు మార్చేవాడు. ఎన్నిసార్లు జ్వరంలో, ఎన్నిసార్లు కడుపునొప్పిలో గేటు దాకా తోలలేదు! కుడిపాదం అలవాటుగా ఒంగింది కూడా. దాన్ని అతను వెనక్కి తీసుకున్నాడు.

తొమ్మిదో రూలు. ఒంట్లో బాగోకపోతే బండి పక్కకు ఆపి, బాగయ్యేదాకా కదపకూడదు.

రంభ దగ్గర, చెట్ల సందులోంచి చిలిక సరస్సు కనపడే చోట రోడ్డు దిగాడు. నెమ్మదిగా, రోడ్డు గీత దాటి రెండు మూరలు అవతలికి. ఇంజను ఆపాడు. హ్యాండుబ్రేకు లాగాడు. నాలుగు లైట్లు వెలిగించాడు. చెక్క తీసుకుని దిగాడు. కాళ్ళు తేలిపోతున్నాయి, అయినా వెనక చక్రం దాకా బండి పట్టుకుని నడిచి, చెక్కను చక్రం కిందకు తోసి, మడమతో గట్టిగా తన్నాడు. కదలదు. బండి అడుగు నుంచి ఐసునీళ్ళు బొట్లుబొట్లుగా దాని మీద పడుతున్నాయి. మళ్ళీ ఎక్కి, వెనక సీటు మీద తువ్వాలు మడిచి తల కింద పెట్టుకున్నాడు. నీళ్ళ మీద ఎవరిదో పడవ, ఎక్కడికీ తొందర లేనట్టు నిలబడి ఉంది. డాష్‌బోర్డు మీద గడియారం పదకొండు గంటల యాభై నిమిషాలు చూపిస్తోంది. మూడు గంటల ఇరవై నిమిషాలయ్యాయి, లెక్కపెట్టినట్టు. భువనేశ్వర్ ఇంకా వంద కిలోమీటర్ల పైనే. పోతయ్య పెదవులు నవ్వుకు సాగాయి. జేబులో ఫోను మోగుతూనే ఉంది. ఇప్పుడు ఎత్తవచ్చు. ఎత్తలేదు.

ధనరాజు కారు పన్నెండున్నర దాటాక వచ్చింది. పక్కన పింటు. దారిలోనే కంపెనీ నుంచి కబురు వచ్చేసింది, ఇక రేపటినుంచి బండి పంపక్కర్లేదని. క్యాబిన్ తలుపు లాగుతూనే ధనరాజు అరవడం మొదలుపెట్టాడు. కానీ లోపలినుంచి గుప్పున మొగలి వాసన వచ్చి మొహానికి కొట్టింది. పింటు ఎక్కి, పోతయ్య కాలు పట్టుకుని ఊపాడు. మళ్ళీ ఊపాడు.

"లేవట్లేదా?" అన్నాడు ధనరాజు.

"బాబూ," అన్నాడు పింటు మెల్లగా. "మావ ఇంక లెగడు."

సాయంత్రం రంభ పోలీస్ స్టేషన్లో గోడ పక్కన అనుదీప్ మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. సస్మిత ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో బల్ల ముందు నిలబడి ఉంది. కొత్తగాజులు ఇంకా ఎర్రగా ఉన్న చేత్తో మామగారి జేబులోంచి తీసిన కాగితం పట్టుకుంది. ధనరాజు, "గుండెపోటు సార్, రోడ్డు ప్రమాదం కాదు, మాకేం..." అని మొదలుపెట్టాడు. సస్మిత ఒడియాలో, ఒక్కొక్కటే చదివింది. మూడు ఆదివారాలు చదివించిన గొంతుతోనే, గరిటె లేదంతే. ప్రతి రూలుకూ ధనరాజు పెట్టెలోని లెక్క ఎస్సై చూశాడు. పల్లెదారిలో ఇరవై తొమ్మిది. హైవేలో నలభై ఎనిమిది. గంజాంలో అరగంట, ఇంజను ఆపి. రంభలో బండి ఆగి ఉంది. "చక్రం కింద చెక్క?" అడిగాడు ఎస్సై. "ఉంది సార్," అన్నాడు పింటు. "నానే సూసినాను. నాలుగు లైట్లూ ఎలుగుతన్నాయి." అంటూ ధనరాజు వైపు చూడలేదు. ఆఖరున సస్మిత చీమల బారు లాంటి ఆ చిన్న అక్షరాలు చదివింది.

"ఏ హాని జరిగినా అని ఉంది," అన్నాడు ఎస్సై. "రోడ్డు మీద అని లేదు. మీరే రాశారు కదా?"

తలుపు దగ్గర అమ్మడు నిలబడి ఉంది. బజారునుంచి గంప వదిలేసి అలాగే వచ్చింది. చేతులకు ఇంకా ఎండుచేపల పొలుసులు అంటుకుని ఉన్నాయి. ముసుగు లేదు. నేరుగా బల్ల దగ్గరకు వచ్చి, ధనరాజు ముందుకు కాగితం జరిపింది.

"మా ఆయన సంతకం మీద ఏలెట్టి కొట్టినావు కదా బాబూ, టకటకా," అంది. "ఇది మా అన్న సంతకం. దీని మీద కూడా ఎట్టు. నాను సూస్తాను."

ధనరాజు ఉంగరం చెయ్యి బల్ల కిందకు పోయింది. అమ్మడు కదలలేదు. ఆ చెయ్యి పైకి వచ్చేదాకా, కాగితం మీదకు వచ్చేదాకా, ఆ సంతకాన్ని తాకేదాకా అక్కడే నిలబడింది.

పోతయ్యను దించాక, బండిని మధ్యాహ్నమే పింటు భువనేశ్వర్ తోలుకుపోయి, సరుకు దించి వచ్చాడు. బయల్దేరేటప్పుడు ధనరాజు వెనకనుంచి తరుముతుంటే, కంగారులో చెక్క తియ్యకుండానే ముందుకు లాగించేశాడు. దిగి చూసుకోలేదు. రంభ దగ్గర రోడ్డు పక్క గడ్డిలో చెక్క అలాగే ఉండిపోయింది. ఒక పక్క టైరు అచ్చులు. రెండో పక్క, ఎప్పుడో తెప్ప దుంగలకు కట్టిన తాడు ఒరిసి ఒరిసి తవ్విన గాడి. సరస్సు మీదనుంచి గాలి వీస్తున్నా, ఆ గాడిలో రొయ్యల నీళ్ళు ఇంకా ఆరలేదు.